ఎన్ని రోజులవుద్దమ్మా?

పోయిన నెలలో ఒక హౌస్ సర్జన్ అమ్మాయి, టెక్కలి పిల్ల, డ్యూటీ అయిపోయాక టీ తాగుతూ నన్ను అడిగింది, "మేడమ్, మీరు ఆంకాలజీయే ఎందుకు తీసుకున్నారు?" అని. అంటే క్యాన్సర్ వైద్యం. నేను తడుముకోకుండా చెప్పేశాను. మన జిల్లాలో అవసరం ఉంది కదమ్మా, చిన్నప్పుడు ఊళ్ళో చూశాను కదా, ఇలాంటివేవో. ఆ పిల్ల బుద్ధిగా తల ఊపింది. రాత్రి ఇంటికొచ్చి అన్నం తింటుంటే సిగ్గేసింది. చెప్పింది మొత్తం అబద్ధమని కాదు, కానీ అవన్నీ తర్వాత అతికించుకున్న కారణాలు. అసలు కారణం ర్యాంకు.

2008లో పీజీ ఎంట్రన్స్ రాసినప్పుడు నాకు కావలసింది పిల్లల వైద్యం. అది రాకపోతే గైనిక్. కౌన్సెలింగ్‌కి నాన్న, నేను విజయవాడ వెళ్ళాం. నాన్న ఒక తెల్లకాగితం మీద సీట్లన్నీ రాసుకొచ్చి, ఒక్కో సీటు పోయిన కొద్దీ పెన్నుతో కొట్టేస్తూ కూర్చున్నారు. నా వంతు వచ్చేసరికి ఆ కాగితం మీద కొట్టివేతలు తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు. ఎనాటమీ, ఫోరెన్సిక్, ఒక రేడియోథెరపీ. పేషెంట్లు ఉండే సీటు కదా అని రేడియోథెరపీ పట్టుకున్నాను. నాన్న బయటికొచ్చి ఊరికి ఫోన్ చేసి "అమ్మాయికి రేడియాలజీ వచ్చింది" అని చెప్పేశారు. స్కానింగ్ సెంటర్ శ్రీకాకుళంలో పెడతారా, నరసన్నపేటలో పెడతారా అని మావయ్య ఆ సాయంత్రమే అడిగాడు. ఆ రెండూ వేరు నాన్నా, ఒకటి ఫొటో తీసేది, ఇంకోటి కరెంటు పెట్టేది అని చెప్పడానికి నాకు రైలు సామర్లకోట దాటేదాకా ధైర్యం రాలేదు.

అమ్మ మాత్రం సూటిగా అడిగింది. "రాచపుండు డాక్టరువా? మరి సంబంధాలెలా వస్తాయే?"

(వచ్చాయి. ఆయన ఎనస్థీషియా. ఆయన సంగతి ఇంకోసారి.)

పీజీ ఎక్కడ చేశానో రాయను, రాయబోయేది వాళ్ళ గొప్పేం కాదు కాబట్టి. అక్కడ మాకున్నది కోబాల్ట్ మెషీన్. అంటే లోపల కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహం ఉంటుంది, దానినుంచి వచ్చే గామా కిరణాలతో గడ్డను కాలుస్తాం. ఆ లోహం దానంతటదే క్షీణించిపోతూ ఉంటుంది, ఐదేళ్ళ మూడు నెలలకు సరిగ్గా సగం. కొత్త సోర్సు ఉన్నప్పుడు రెండు నిమిషాల్లో ఇచ్చే డోసు, ఐదేళ్ళు పోతే నాలుగు నిమిషాలు పడుతుంది. పదేళ్ళు పోతే ఎనిమిది. నేను చేరేసరికి మా సోర్సు బాగా ముసలిది. కొత్తది తెప్పించే ఫైలు ఎక్కడో తిరుగుతూ ఉండేది. పేషెంట్లు తగ్గరు కదా, ఒక్కొక్కరికి పట్టే టైము పెరుగుతుంది, అంతే. పొద్దున ఏడింటికి మొదలుపెడితే రాత్రి పదకొండుకి ఆఖరి మనిషి టేబుల్ దిగేవాడు. వరండా నిండా చాపలు, స్టవ్‌లు, అన్నం గిన్నెలు, మెడ మీద ఊదారంగు సిరాతో గీతలు గీసిన మనుషులు. ఆ గీతలు చెరిగిపోకూడదు కాబట్టి స్నానం చేయొద్దని చెప్పేవాళ్ళం, ఎండాకాలంలో కూడా.

అక్కడ నాకొచ్చిన మొదటి పాఠం పుస్తకంలోది కాదు. సోంపేట వైపు నుంచి ఒక తాత వచ్చేవాడు, నాలుక క్యాన్సర్. ముప్ఫై మూడు సిట్టింగులు రాశాం. అంటే వారానికి ఐదు చొప్పున ఆరున్నర వారాలు. పదిహేడు అయ్యాక ఒక సోమవారం తాత రాలేదు. ఫోన్ నంబరు లేదు. రెండు నెలల తర్వాత వచ్చాడు, బుగ్గ బయటికి చిల్లు పడి. ఏం తాతా ఇలా చేశావు అంటే, "కోతలమ్మా, మరేటి సేత్తాను, పండింది నేల మీద పడిపోతంటే" అన్నాడు. మా ప్రొఫెసర్ ఆయన ముందు ఏమీ అనలేదు. తర్వాత నన్ను పిలిచి, రేడియేషన్ మధ్యలో ఒక్కో రోజు ఆగితే తల, మెడ క్యాన్సర్లు అదుపులోకొచ్చే అవకాశం సుమారు ఒక శాతం చొప్పున పడిపోతుంది, చచ్చిపోగా మిగిలిన కణాలు ఆ సెలవుల్లోనే రెట్టింపు వేగంతో పెరుగుతాయి అని చెప్పి, "నువ్వు కేసు షీటు మీద స్టేజి రాశావు, హిస్టాలజీ రాశావు, ఆయన పొలం ఎప్పుడు కోతకొస్తుందో రాశావా?" అని అడిగారు.

అప్పటినుంచి రాస్తున్నాను. నా కేసు షీట్లలో ఒక మూల వరి, జీడి, వేట నిషేధం, కూతురి డెలివరీ డేటు, ఇలాంటివి ఉంటాయి. కొత్తగా వచ్చిన జూనియర్లు మొదట నవ్వుతారు.

ఇక మామ్మ సంగతి. మా నాన్న వాళ్ళమ్మ. మా వైపు ఆడవాళ్ళు చుట్ట తాగుతారని బయటివాళ్ళకు చెబితే నమ్మరు, తాగే పద్ధతి చెబితే అసలే నమ్మరు. నిప్పు వైపు నోట్లో పెట్టుకుంటారు. అడ్డపొగ అంటారు దాన్ని. మామ్మ పొలం గట్టు మీద నడుస్తూ, రెండు చేతులతో గంప పట్టుకుని, పెదాల మధ్య ఆ చుట్ట కదలకుండా పెట్టుకుని, మధ్యలో మాట్లాడేది కూడా. చిన్నప్పుడు నాకు అది గారడీలా ఉండేది. ఎందుకలా మామ్మా అంటే, గాలికి ఆరిపోదు, వానకి తడవదు, చేతులు ఖాళీగా ఉంటాయి, ఒక్క చుట్ట సాయంత్రం దాకా వస్తుంది అనేది. నాలుగూ మంచి కారణాలే, వైద్యశాస్త్రం వైపు నుంచి చూడనంతవరకు.

పీజీ రెండో ఏడు లైబ్రరీలో నోటి క్యాన్సర్ గురించి పాత జర్నళ్ళు తిరగేస్తుంటే 1971 నాటి బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో ఒక పేపరు కనబడింది. పిండ్‌బోర్గ్ అనే డేనిష్ ప్రొఫెసరు, మన ముంబై వాళ్ళు కలిసి రాసినది. 10,169 మంది పల్లెవాసుల అంగిళ్ళు చూశారు. ఆ పల్లెలు ఎక్కడివో చూస్తే శ్రీకాకుళం జిల్లా! వాళ్ళలో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్ళే. ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, అంటే అణువులూ కాస్మిక్ కిరణాలూ చదివే చోట, అప్పట్లో ఒక దంత పరిశోధన విభాగం కూడా ఉండేది. వాళ్ళ డాక్టర్లు అరవైల్లోనే మన జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి నోళ్ళు తెరిపించి చూశారు. నేను పుట్టక ముందే మా ఊళ్ళలాంటి ఊళ్ళ నోళ్ళు లండన్ జర్నల్లో అచ్చయ్యాయి, నాకు తెలియడానికి ఎండీ దాకా రావలసి వచ్చింది. ఎంబీబీఎస్‌లో ఎవరో చెప్పే ఉంటారు, ఒక లైను. నాకు గుర్తు లేదు.

ఆ సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు టార్చి తీసుకుని మామ్మ నోరు చూశాను. అంగిలి మొత్తం తెల్లగా, తోలులా మందంగా, మధ్యలో ఎర్రటి చుక్కలు. పేపర్లోని ఫొటో తెచ్చి అతికించినట్టు ఉంది. ఒక ముక్క తీసి పరీక్షకు పంపుదాం మామ్మా అంటే, "నా నోట్లో నీకేటి పనే" అని నోరు మూసేసింది. బతిమాలాను, ఏడ్చాను కూడా. ఒప్పుకోలేదు.

మామ్మకు క్యాన్సర్ రాలేదు. ఎనభై ఆరేళ్ళు బతికి, బావి దగ్గర జారిపడి, తుంటి విరిగి పోయింది. మా చుట్టాల్లో చుట్ట మానమని నేను ఎవరికి చెప్పినా ఇప్పటికీ ఇదే సమాధానం: "మరి మీ మామ్మకి రాలేదు కదమ్మా." పన్నెండేళ్ళ చదువు మా మామ్మ ముందు దిగదుడుపే. ఈ మధ్య అడ్డపొగ తాగే ఆడవాళ్ళు తగ్గుతున్నారు, కొత్త కోడళ్ళెవరూ తాగడం లేదు. దాని స్థానంలో మగపిల్లలు గుట్కా, ఖైనీ నములుతున్నారు, కాబట్టి సంబరపడడానికేం లేదు. అంగిలి దగ్గర చూసేవాళ్ళం, ఇప్పుడు బుగ్గ దగ్గర చూస్తున్నాం.

ఎండీ అయ్యాక సీనియర్ రెసిడెంట్‌గా ఉంటూ డీఎం కోసం, అంటే ఎండీ తర్వాతి సూపర్ స్పెషాలిటీ కోసం రాశాను. మూడోసారికి వచ్చింది. మెడికల్ ఆంకాలజీ డీఎం అనేది మన దేశంలో మొదట పెట్టింది చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో, 1984లో, సర్జికల్ ఆంకాలజీ ఎంసీహెచ్ కూడా అప్పుడే అక్కడే. ముత్తులక్ష్మి రెడ్డి గారు 1954లో మొదలుపెట్టిన ఆసుపత్రి అది. డాక్టర్ శాంత గారు 1955లో అక్కడ చేరి, ఆ ఆవరణలోనే ఒక గదిలో ఉంటూ 2021లో పోయేదాకా అక్కడే పనిచేశారు. క్యాన్సర్ డాక్టర్ అంటే ఎలా ఉండాలి అని ఎవరైనా అడిగితే ఆవిడ పేరు చెప్పి ఊరుకుంటాను, నేను అలా లేనని వాళ్ళకు ఎలాగూ తెలుస్తుంది.

డీఎంలో చేరేనాటికి ఈ రంగమే మారిపోతోంది. నాకు బాగా నాటుకున్నది ఇమాటినిబ్. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అని రక్త క్యాన్సర్‌లో ఒక రకం. 2001కి ముందు అది వస్తే ఎముక మజ్జ మార్పిడి, లేకపోతే నాలుగైదేళ్ళు. ఆ ఏడు ఈ మాత్ర వచ్చాక, రోజూ ఒక మాత్ర మింగి షుగర్ జబ్బులా నెట్టుకొచ్చేయడమే. కానీ కంపెనీ మందు నెలకు లక్షా ఇరవై వేలు. మన హైదరాబాద్ నాట్కో వాళ్ళతో సహా ఇక్కడి కంపెనీలు చేసినది నెలకు పది వేల లోపు. పేటెంట్ ఇవ్వాలా వద్దా అన్న కేసు 2013 ఏప్రిల్ ఒకటిన సుప్రీంకోర్టులో కంపెనీకి వ్యతిరేకంగా తేలింది. అంతకు ముందు ఏడు కాలేయ క్యాన్సర్ మందు సొరాఫెనిబ్‌కి దేశంలోనే మొదటి కంపల్సరీ లైసెన్సు (పేటెంటు ఒకరిదైనా మందు ఇంకొకరు చేసుకోవచ్చనే అనుమతి) ఇచ్చారు, అదీ నాట్కోకే, నెలకు రెండు లక్షల ఎనభై వేల మందు 8,880కి దిగింది. లాయర్ల గొడవలు నాకెందుకు అనుకునేదాన్ని. ఒకసారి ఎల్.ఎన్.పేట మండలం నుంచి వచ్చిన ట్రాక్టర్ డ్రైవరు "ఈ మాత్ర ఎన్నాళ్ళు కొనాలమ్మా" అంటే "జీవితాంతం" అని చెప్పవలసి వచ్చినప్పుడు, ధర ఎంతో నోటితో పలకవలసి వచ్చినప్పుడు తెలిసింది ఎందుకో. అతను ఇప్పటికీ వస్తాడు. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు.

శ్రీకాకుళం తిరిగి వచ్చి ఎనిమిదేళ్ళు కావస్తోంది. తమాషా ఏమిటంటే రేడియేషన్ నేర్చుకున్న నేను పనిచేస్తున్నది రేడియేషన్ మెషీన్ లేని చోట. పన్నెండు మంచాల డే కేర్, కీమో ఎక్కిస్తాం, మాత్రలిస్తాం, రేడియేషన్ కావాలంటే విశాఖ పంపిస్తాం. విశాఖలో ఇప్పుడు అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఒకప్పుడు టాటా అంటే ఆమదాలవలసలో ముంబై వెళ్ళే కోణార్క్ రైలెక్కి ఒకటిన్నర రోజు కూర్చోవడం. (స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో క్యాన్సర్ పేషెంటుకు టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్ళేవాళ్ళకు ముప్పావు వంతు రాయితీ. ఫారం మీద డాక్టర్ సంతకం కావాలి. చాలామందికి ఇప్పటికీ తెలియదు, అడగండి.)

మన జిల్లాలో ఈ పని చేసేవాళ్ళకు ఇంకెక్కడా ఇంతగా ఎదురవని చిక్కు ఒకటుంది. ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, ఇచ్ఛాపురం వైపు కిడ్నీ జబ్బు సంగతి తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు, కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. నోటి క్యాన్సర్‌కి, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్‌కి రేడియేషన్‌తో పాటు వారం వారం ఎక్కించే మందు సిస్‌ప్లాటిన్. ఈ రంగంలో ఎంత పాతదో అంత నమ్మకమైనది, చవకైనది. దాని గుణం ఏమిటంటే కిడ్నీలను కొడుతుంది. మామూలు మనిషికి ముందూ వెనకా సెలైన్లు పెట్టి గట్టెక్కిస్తాం. కవిటి నుంచి వచ్చిన మనిషికి క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్తపరీక్ష) చూస్తే రెండున్నర ఉంటుంది, తనకు కిడ్నీ జబ్బుందని అతనికి ఆ రోజే తెలుస్తుంది. క్యాన్సర్ అని చెప్పి కూర్చోబెట్టిన కుర్చీలోనే ఇది కూడా చెప్పాలి. రెండోది విని ఒకాయన నవ్వేశాడు. "రెండూ నాకేనా అమ్మా" అని.

ఇలాంటివాళ్ళకు చాలా ఏళ్ళు ఉత్త రేడియేషన్ ఇచ్చి ఊరుకునేవాళ్ళం. ముంబై టాటా మెమోరియల్ వాళ్ళు సరిగ్గా ఇలాంటి, సిస్‌ప్లాటిన్ పనికిరాని తల, మెడ క్యాన్సర్ రోగుల మీదే ట్రయల్ చేసి 2023లో ఫలితాలు అచ్చువేశారు. వారానికొకసారి కొద్ది మోతాదు డోసెటాక్సెల్ కలిపితే రెండేళ్ళకు బతికి ఉన్నవాళ్ళు 41.7 శాతం నుంచి 50.8 శాతానికి పెరిగారు. మూత్రపిండాలకు దానితో పేచీ లేదు. పాత మందు, జెనరిక్, ఎవరికీ పెద్ద లాభం లేదు కాబట్టి పెద్ద కంపెనీ ఏదీ ఆ ట్రయల్ చేసి ఉండేది కాదని నా అనుమానం. ఆ పేపరు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషానికే. ఆయనకు ఇచ్చి ఉంటే, ఈవిడకు ఇచ్చి ఉంటే అని పేర్లు కూడా గుర్తొచ్చాయి లెండి.

మాత్రలు వచ్చాక మనుషులు ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గాయి, చిక్కులు మాత్రం ఇంటికి వచ్చాయి. పేగు క్యాన్సర్‌కి, రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే కేపెసిటబిన్ ఉంది, ఇంట్లో కూర్చుని మింగేయవచ్చు, సూది లేదు, బస్సు లేదు. కానీ అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి పొరలు ఊడతాయి. పొందూరు దగ్గర నూలు వడికే ఒకావిడ మూడో సైకిల్‌కి వచ్చి, మందు పనిచేస్తోందని సంతోషంగా స్కాన్ రిపోర్టు చూపిస్తుంటే, "అదంతా సరేగానమ్మా, నా ఏలుముద్ర పడట్లేదు, పింఛనోళ్ళు ఎనక్కి ఎల్లిపోయారు" అంది. చూస్తే నిజంగానే వేళ్ళు నున్నగా అయిపోయాయి, గీతలు లేవు. ఈ మందుతో వేలిముద్రలు పోతాయని జర్నళ్ళలో చదివాను, సింగపూర్ నుంచి అమెరికా వెళ్ళినాయన్ని విమానాశ్రయంలో ఆపేశారని. అది చదివినప్పుడు నవ్వుకున్నాను. మా పొందూరావిడ పింఛను సంగతి తట్టలేదు. ఇప్పుడు ఆ మాత్ర రాసిన ప్రతివాళ్ళకూ ముందే ఒక సర్టిఫికెట్ రాసి ఇస్తున్నాను, కంటి పాపతోనో ఇంకోలాగో చూడండి అని.

ఆరోగ్యశ్రీ గురించి రెండు మాటలు. 2007లో అది మొదలైనప్పుడు నేను హౌస్ సర్జన్ని. ఇప్పుడు పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. పేరు ఏదైనా, అంతకు ముందు మా వార్డులోకి వచ్చిన మనుషులు వేరు, తర్వాత వచ్చినవాళ్ళు వేరు. అంతకు ముందు ఎకరం అమ్మగలిగినవాళ్ళు వచ్చేవాళ్ళు. ఆ ఎకరం కీమో మూడో సైకిల్‌కి అయిపోయేది, నాలుగోది ఉండేది కాదు. అప్రూవళ్ళు, ఫొటోలు, కొత్త మందులు ప్యాకేజీలో లేకపోవడం, వీటి మీద రోజూ తిట్టుకుంటాను, ఈ సాయంత్రం కూడా తిట్టుకున్నాను. ఆ వెనకటి రోజులు మాత్రం వద్దు.

ఇమ్యునోథెరపీ గురించి వాట్సాప్‌లో మా చుట్టాలందరూ నాకే పంపిస్తారు. ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే కొత్త రకం మందులు, 2011లో మొదలయ్యాయి, 2018లో ఆలిసన్, హోంజో అనే ఇద్దరికి నోబెల్ కూడా వచ్చింది. లక్షల్లో ఖర్చు. మళ్ళీ టాటా వాళ్ళే 2022లో ఏం చూపించారంటే, ముదిరిపోయిన తల, మెడ క్యాన్సర్‌లో మామూలుగా ఇచ్చే 240 మిల్లీగ్రాముల నివోలుమాబ్ (ఈ రకం మందుల్లో ఒకటి) బదులు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములు, చవక మాత్రలతో కలిపి ఇస్తే, ఉత్త మాత్రలే ఇచ్చినవాళ్ళతో పోలిస్తే ఏడాదికి బతికి ఉన్నవాళ్ళు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారని. పన్నెండో వంతు మందు! ఒక వయల్ తెరిచి ఇద్దరు ముగ్గురికి ఒకే రోజు పంచుతాం, అందుకని ముగ్గురినీ ఒకే మంగళవారం రప్పించాలి, ఒకరు రాకపోతే మిగతా ఇద్దరికీ ఖర్చు పెరుగుతుంది. వాళ్ళు ముగ్గురూ ఒకరికొకరు ఫోన్లు చేసుకుని కదిలిస్తుంటారు. ఐఐటీ బొంబాయి, టాటా కలిసి చేసిన కార్-టీ చికిత్సకు (రోగి సొంత రోగనిరోధక కణాలనే మార్చి క్యాన్సర్ మీదికి వదిలే పద్ధతి) 2023లో అనుమతి వచ్చింది, విదేశాల్లో కోట్లలో అయ్యేది ముప్ఫై నలభై లక్షల్లో. గొప్ప విషయమే. నా వార్డు దాకా ఇంకా రాలేదు.

నా పేషెంట్ల వైపు నుంచి చూస్తే గత పదిహేనేళ్ళలో వచ్చిన పెద్ద మార్పు ఏ పేపర్లోనూ హెడ్డింగ్ కాలేదు. సిట్టింగులు తగ్గడం. నేను పీజీలో ఉండగా రొమ్ము ఆపరేషన్ అయినవాళ్ళకు ఇరవై ఐదు సిట్టింగులు, ఐదు వారాలు. బ్రిటన్ వాళ్ళు పదిహేను చాలని నిరూపించారు. 2020లో అదే దేశంలో ఫాస్ట్-ఫార్వర్డ్ అనే ట్రయల్లో ఐదు రోజులే చాలని తేలింది, తొలి దశ రొమ్ము క్యాన్సర్‌కి. ఎముకలోకి పాకిన నొప్పికి పది సిట్టింగులు ఇచ్చేవాళ్ళం, పెద్ద డోసు ఒక్కటిచ్చినా నొప్పి అంతే తగ్గుతుంది. విశాఖలో ఐదు వారాలు గది అద్దెకు తీసుకుని, తోడుగా ఒక మనిషి కూలి మానుకుని, ఇంట్లో పిల్లల్ని పక్కింట్లో పెట్టి... ఈ లెక్క తెలిసినవాళ్ళకు ఇరవై ఐదు ఐదు కావడం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. నోటి క్యాన్సర్‌కి మాత్రం ఇంకా ఆరేడు వారాలే. అక్కడ సోంపేట తాత ఇప్పటికీ గుర్తొస్తాడు.

ఒకటి మాత్రం మారలేదు. పేషెంటు లోపలికి రాకముందే కొడుకో అల్లుడో తలుపు సందులోంచి దూరి, "మేడమ్, ఆవిడకి చెప్పకండి, గడ్డ అనే చెప్పాం" అంటారు. చిన్నప్పుడు, అంటే ఉద్యోగంలో చిన్నప్పుడు, వాళ్ళతో వాదించేదాన్ని. ఇప్పుడు సరే అని, పేషెంటు ఏమడిగితే దానికి మాత్రం నిజం చెబుతానని చెబుతాను. కళింగపట్నం వైపు నుంచి ఒక మత్స్యకారుల ఆవిడ, అరవై దాటి ఉంటాయి, అంగిలి మీద పుండు. అడ్డపొగే. కొడుకు బిల్లు కట్టడానికి వెళ్ళగానే ఆవిడ నా వెనక గోడకేసి చూసి, "అమ్మా, ఆ పీత బొమ్మ ఎందుకెట్టారు?" అంది. ఏదో అవగాహన శిబిరం పోస్టరు, ఎన్నేళ్ళ నుంచి ఉందో, నేను దాన్ని చూడడమే మానేశాను. ఏం చెప్పాలో తోచక, ఈ జబ్బుకు ఆ పేరే పెట్టారు, కర్కాటకమంటే పీతే కదా అన్నాను. "అవును మరి. పీత పడితే వొదల్దు" అని కాసేపు ఊరుకుని, అసలు విషయానికొచ్చింది. ఆవిడ చీటీలు కడుతోంది. కట్టడం అంటే నడుపుతోంది, పదిహేను మంది ఆడవాళ్ళు, ఇంకా ఏడు నెలలుంది. "ఏడు నెల్లుంటానా? లేకపోతే ఇప్పుడే ఎవలికైనా అప్పసెప్పాల. ఆళ్ళ డబ్బులు. మావోడికి లెక్క తెల్దు."

ఉంటారని చెప్పాను. ఆపరేషన్ చేయవచ్చు, ఎముక దాకా పెద్దగా వెళ్ళలేదు. అయినా చీటీ పుస్తకం మాత్రం ఎవరికైనా చూపించి పెట్టుకోమన్నాను. బయట కొడుకు అడిగాడు, ఏమైనా అనుమానపడిందా అని. లెక్కలు మాట్లాడుకున్నాం అన్నాను. ఆ చీటీ పూర్తయింది, ఆవిడ ఇంకోటి మొదలుపెట్టింది. నన్నూ చేరమంది.

అందరివీ ఇలా ఉండవు. మాదగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఊరి ఆర్ఎంపీ దగ్గర మూడు నెలలు, పంటి డాక్టరు దగ్గర రెండు నెలలు, ఆకు పసరు కింద ఇంకో నెల దాటించి వస్తారు. వాళ్ళకు నేను ఇవ్వగలిగినవాటిలో ముఖ్యమైనది మార్ఫిన్ మాత్ర, చాలా చవక. ప్రపంచంలో చట్టబద్ధంగా నల్లమందు పండించే కొద్ది దేశాల్లో మనది ఒకటి, అయినా 1985 మత్తుమందుల చట్టం తర్వాత మన ఆసుపత్రుల్లోనే మార్ఫిన్ దొరకడం గగనమైపోయింది. 2014లో సవరణ వచ్చాక లైసెన్సులు సులువయ్యాయి. చట్టం మారింది గానీ డాక్టర్లలో భయం పోలేదు, అలవాటైపోతుందేమోనని. నెల రోజుల్లో పోయే మనిషికి ఏం అలవాటవుతుందండీ?

టెక్కలి పిల్లకు నిన్న ఫోన్ చేసి ర్యాంకు సంగతి చెప్పాను. ఎగిరి గంతేసినంత పని చేసింది, ఎందుకంటే తనకు కూడా పెద్ద ర్యాంకు వచ్చేలా లేదట, ఎండీ రేడియేషన్ ఆంకాలజీ పెట్టుకోవచ్చా మేడమ్ అని అడిగింది. పెట్టుకో, కానీ మీ నాన్నగారికి నువ్వే చెప్పు, రేడియాలజీ కాదని అన్నాను. ఫిజిక్స్ ఉంటుందా అని అడిగింది. ఉంటుంది. చాలానే ఉంటుంది.

ఫోన్ పెట్టేసరికి బయట ఒకావిడ కూర్చుని ఉంది, ఆమదాలవలస అవతల ఊరు, రొమ్ము ఆపరేషన్ అయింది, కీమో అయిపోయింది, ఇక రేడియేషన్ ఒక్కటే. ఉభాల (వరినాట్ల) ముందు అయిపోవాలని మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉంది, కేసు షీటు మూల అదే రాసుంది. విశాఖ వాళ్ళతో మాట్లాడాను, ఈవిడకు ఐదు రోజుల పద్ధతి సరిపోతుందన్నారు.

"ఎన్ని రోజులవుద్దమ్మా?"

సోమవారం నుంచి శుక్రవారం అన్నాను.

వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "ఐతే శనివారం నారు పీకడానికి వొచ్చేత్తాను."

ఓ వారం ఆగు అప్పా, చర్మం కందుతుంది, బురదలో దిగొద్దు అన్నాను. గట్టు మీద కూర్చుని చూస్తానంది. దిగుతుంది, నాకు తెలుసు.